'మరి పోలండ్?'

సివిల్స్ రిజల్ట్ వచ్చి మూడు రోజులైంది. అందరూ బుక్‌లిస్ట్ అడుగుతున్నారు. ఆ పుస్తకాలు మీ దగ్గరా ఉన్నవే. నేను చెప్పాల్సింది ఒక్క ఆన్సర్ గురించి.

రెండో అటెంప్ట్ ముందు ఆప్షనల్ (మనం ఎంచుకునే సబ్జెక్టు) మాక్ టెస్టులో ప్రశ్న: 'రిపబ్లిక్ అంటే రాజు లేని రాజ్యమేనా? చర్చించండి.' 15 మార్కులు. వంశపారంపర్య అధినేత ఉండడని మొదలుపెట్టి, ప్రియాంబుల్, 1950 జనవరి 26 అన్నీ దించేశాను. 4 వచ్చాయి. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో ఒకటే మాట: 'మరి పోలండ్?'

ఆ ఏడు మెయిన్స్ పోయింది. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని ఆ రెండు ముక్కల వెంట పడ్డాను. 1569లో లిథువేనియాతో కలిసిన పోలండ్ జెచ్‌పొస్పొలీటా అని పిలిపించుకుంది. లాటిన్ రెస్ పబ్లికాకి అది మాటకు మాట: పదిమందికీ చెందిన వ్యవహారం. కానీ రాజున్నాడు, ప్రభువర్గం ఎన్నుకున్న రాజు!

అక్కణ్నుంచి ప్రాచీన రోమ్ రాజనీతిజ్ఞుడు సిసెరో దగ్గరికి వెళ్లాను. రెస్ పబ్లికా ప్రజల సొత్తు అన్నాడాయన. ప్రజలంటే ఊరికే పోగైన గుంపు కాదు, చట్టం మీద ఒప్పుదల, ఉమ్మడి మేలు ఉన్నవాళ్లు. ఆయన లెక్కలో రాజరికమూ రెస్ పబ్లికా కావచ్చు. ఈ మాటలున్న గ్రంథంలో చాలాభాగం శతాబ్దాలు కనబడలేదు. 1819లో అందులో కొంత వాటికన్‌లో దొరికింది, క్రైస్తవ తత్వవేత్త అగస్టీన్ వ్యాఖ్యానం రాయడానికి చెరిపేసిన తోలు పుటల మీద, పాత అక్షరాలుగా. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రిపబ్లిక్ గురించి అమెరికాలో మాడిసన్ చెప్పింది, ఫ్రాన్స్‌లో జరిగింది మీకు తెలిసినవే. నన్ను కదిలించింది కామన్‌వెల్త్. రెస్ పబ్లికాకి ఇంగ్లిష్‌వాళ్లు వాడిన మాట అది. 1649లో రాజు తల నరికి దేశానికి ఆ పేరే పెట్టుకున్నారు. 1949లో లండన్ ప్రకటనతో, రిపబ్లిక్ కాబోతున్న మనం అదే పేరున్న కూటమిలో కొనసాగాం, బ్రిటిష్ రాజును దానికి అధిపతిగా ఒప్పుకుని.

టైమ్ వేస్ట్ అన్నాడు రూమ్మేట్. నాకు కాలేదు. ఒక్క పదం పట్టుకుంటే వెస్టర్న్ థాట్ మొత్తం కదిలింది. రోజుకి పన్నెండు గంటలు కూర్చున్నామని చెప్పుకుంటాం. కూర్చోవడం చదువు కాదు. ప్రశ్న మనల్ని నిద్ర లేపాలి, లేచాక ఆ పూటే పెన్ను పట్టాలి. మూడో అటెంప్ట్‌లో ఒక్క ఉదయం కూడా వదల్లేదు.

నా రిపబ్లిక్ నోట్స్ పద్నాలుగు పేజీలు. స్కాన్ చేసి పెడతాను. పోలండ్ పేజీతో మొదలుపెట్టండి.