పక్కింటావిడ బ్యాడ్జీ

మాంట్రియల్‌లో మా పక్కింటి పెద్దావిడ వంటింటి డ్రాయర్‌లో ‘ఉయ్’ అని రాసున్న పాత బ్యాడ్జీ ఉంది. ఫ్రెంచ్‌లో ఉయ్ అంటే అవును. పిన్నుకు తుప్పు పట్టింది. 1995 అక్టోబర్ 30న, మా ఊరున్న ఫ్రెంచ్ మాట్లాడే రాష్ట్రం క్యుబెక్ కెనడా నుంచి విడిపోవాలా అని ఓటింగ్ జరిగింది. విడిపోదాం అన్నవాళ్ల బ్యాడ్జీ అది. వద్దన్నవాళ్లు 50.58 శాతం. తేడా 54,288 ఓట్లే! ఆ రాత్రి విడిపోదామన్న క్యుబెక్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) జాక్ పారిజో ఓటమిని డబ్బు మీదికి, వలసజాతుల ఓట్ల మీదికి నెట్టేశారు. నేనూ వలస వచ్చినదాన్నే, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆవిడకీ నచ్చలేదట.

"మా భాష బతకాలనే కదమ్మా అడిగాం" అన్నారు, బ్యాడ్జీని కొంగుగుడ్డలా ఏప్రాన్‌తో తుడుస్తూ.

మా పాప బడిలో ఫ్రెంచ్, ఇంట్లో తెలుగు. ఈమధ్య తెలుగులో అడిగితే ఫ్రెంచ్‌లో జవాబిస్తోంది. ఆవిడ భయం నాకు బాగా తెలుసు. విడిపోవడం దగ్గర మాత్రం మా ఇద్దరికీ ఇంకా మాట కలవలేదు.