పాత ఎంజీబీకి బ్రేకులు ఎంచుకున్న నా అనుభవం

నా పాత ఎంజీబీని, అంటే ఆ బ్రిటిష్ స్పోర్ట్స్ కారుని, బాగుచేసుకుంటున్నప్పుడు ఇంజిన్ కంటే బ్రేకుల దగ్గరే నాకు ఎక్కువ టెన్షన్ పట్టుకుంది. నాది సింగిల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ ఉన్న తొలినాళ్ల మోడల్, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ని నెట్టే ఆ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకూ ఒకటే దారి, ఎక్కడో ఒక్కచోట లీకైనా పెడల్ పనిచేయదు, ఇక హ్యాండ్‌బ్రేకే దిక్కు.

చాలామంది ముందు చక్రాలకు నాలుగు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాలు) వేయించమన్నారు. నేను వేయలేదు. 1962లో వచ్చినప్పటి నుంచీ ఎంజీబీకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములే, ఏ చక్రానికి ఎంత బలం వెళ్లాలో లెక్క చూసే కట్టారు. పిస్టన్లు పెద్దవైతే ఎక్కువ ఫ్లూయిడ్ కావాలి, పాత మాస్టర్ సిలిండర్‌తో పెడల్ కిందికి దిగిపోతుంది, పోనీ అని లోపలి వ్యాసం పెద్దదైన మాస్టర్ సిలిండర్ వేస్తే పెడల్ బండలా గట్టిపడుతుంది. నేను తిరిగేది మామూలు రోడ్ల మీద. ప్యాడ్లు కూడా రోడ్డు రకమే తీసుకున్నాను, రేసింగ్ ప్యాడ్లు వేడెక్కితే గానీ సరిగ్గా పట్టవు.

డబ్బు పెట్టాల్సింది కంటికి కనపడని చోట అని నా గట్టి నమ్మకం. ముందు ఎడమ చక్రం ఊరికే వేడెక్కుతోందని రబ్బరు హోస్ తీసి చూశాను, పైన ఒక్క పగులు లేదు. బ్లేడుతో నిలువునా కోస్తే లోపలి రబ్బరు ఉబ్బిపోయి, గుండుసూది దూరేంత సందే మిగిలింది! తొక్కినప్పుడు ఆ ఒత్తిడికి ఫ్లూయిడ్ వెళ్తుంది, వదిలాక వెనక్కి రాదు, బ్రేకు పట్టేసే ఉంటుంది. హోస్‌లన్నీ కొత్తవి వేశాను. కాలిపర్ పిస్టన్ల క్రోమ్ తుప్పుకి గుంతలు పడింది, అలాంటి పిస్టన్‌కి కొత్త సీలు వేసినా ఎక్కువ రోజులు నిలవదు, అందుకే స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తెచ్చాను. పైపులు తుప్పు పట్టని రాగి-నికెల్‌వి.

ఫ్లూయిడ్ దగ్గర మాత్రం చాలా ఊగిసలాడాను. బ్రేక్ ఫ్లూయిడ్‌కి డాట్ అనే గ్రేడులుంటాయి. సిలికాన్‌తో చేసిన డాట్ 5 పెయింట్‌ని పాడుచేయదు, కానీ అందులో గాలి బుడగలు త్వరగా పోవు, పెడల్ మెత్తగా అనిపిస్తుంది, డాట్ 4తో కలపనే కూడదు. నేను డాట్ 4కే ఓటేశాను. అది తేమ పీల్చుకుంటుంది, ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు దాని మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ పట్టాక 155 డిగ్రీలుంటే చాలు, కాబట్టి రెండేళ్లకోసారి మార్చేస్తాను.

ఒక్క మాట, పాత డ్రమ్ములు విప్పేటప్పుడు ఆ దుమ్ముని గాలి కొట్టి ఊదకండి. అప్పటి లైనింగుల్లో, అంటే డ్రమ్ముకి రాసుకునే పొరల్లో, పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదమైన ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టేసి పక్కన పెట్టండి.