పాప లావవుతోంది, ఎత్తు ఆగింది: పిట్యుటరీ ఆపరేషన్ దాకా నా అనుభవం

పిల్లలు లావవుతూ ఎత్తు పెరగడం ఆగిపోతే, ఆ రెండూ కలిపి డాక్టరుకు చెప్పండి. మా పాప జబ్బు బయటపడింది అలాగే. చుట్టాలంతా "బొద్దుగా ముద్దొస్తోంది" అనేవారు. తిండి ఎక్కువై లావెక్కే పిల్లలు మామూలుగా పొడుగు కూడా సాగుతారు. మా అమ్మాయి ఏడో తరగతికొచ్చినా పాత లంగాల పొడుగు సరిపోయేది. మొహం గుండ్రంగా ఉబ్బింది, బీపీ కూడా వచ్చింది.

విజయవాడ సూర్యారావుపేటలో హార్మోన్ల డాక్టరు (ఎండోక్రైనాలజిస్టు) 24 గంటల మూత్రం పట్టించి, అందులో కార్టిసాల్ అనే హార్మోను ఎంతుందో చూశారు. ఆ హార్మోను తగ్గుతుందో లేదో చూడటానికి రాత్రి డెక్సామెథసోన్ మాత్ర వేయించి పొద్దున్నే రక్తం తీయించారు. ఎమ్మారైలో మెదడు కింద ఉండే పిట్యుటరీ గ్రంథి మీద చిన్న గడ్డ కనిపించింది. ఆ గడ్డ వల్ల ఒంట్లో కార్టిసాల్ ఎక్కువయ్యే కుషింగ్స్ జబ్బు. అది క్యాన్సర్ గడ్డ కాదన్నాకే నాకు ఊపిరాడింది.

తల కోయరు. ముక్కులోంచి ఎండోస్కోపు పంపి, ముక్కు వెనక ఉండే స్ఫినాయిడ్ సైనస్ అనే గాలి గది దాటి గడ్డ తీస్తారు. చిన్నపిల్లల్లో ఆ సైనస్ ఇంకా పూర్తిగా గాలితో విచ్చుకుని ఉండదు, ఎముకను డ్రిల్ చేయాల్సి రావచ్చు. అందుకే ముందే సీటీ తీసి దారి చూసుకున్నారు. ఈఎన్‌టీ సర్జన్, న్యూరోసర్జన్ ఇద్దరూ కలిసి చేశారు.

నా దృష్టిలో అసలు పరీక్ష ఆ తర్వాతే. ఐసీయూలో గంటగంటకీ మూత్రం కొలిచారు. ఆపరేషన్లో పిట్యుటరీ కదిలితే ఒంట్లో నీళ్ళు నిలవకపోవచ్చు, మూత్రం నీళ్ళలా పోతూనే ఉంటుంది, సోడియం తేడా చేస్తుంది. మా పాపకీ దాహం మొదలైంది, డెస్మోప్రెసిన్ మందుతో అదుపులోకొచ్చింది. ముక్కు చీదకూడదు. ముక్కులోంచి పల్చటి నీరు కారితే మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు, వెంటనే చెప్పాలి. రాత్రంతా టార్చి వేసి దిండు తడిసిందేమోనని చూస్తూ కూర్చున్నాను.

తర్వాత రక్తపరీక్షలో కార్టిసాల్ దాదాపు లేదు. నా మొహం పాలిపోయింది. "మనకు కావలసింది అదేనమ్మా, గడ్డ మొత్తం వచ్చిందనడానికి మంచి గుర్తు" అన్నారు డాక్టరుగారు. ఇన్నాళ్ళూ ఆ గడ్డ వల్ల నిద్రపోయిన పిట్యుటరీ మామూలు కణాలు మేలుకోవడానికి నెలలు పడుతుంది. అందాకా కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ మాత్రలు. సొంతంగా ఆపితే ప్రాణానికే ముప్పు. జ్వరం వస్తే డాక్టరు రాసిచ్చినట్టు డోసు పెంచాలి. వాంతులైతే మాత్ర కడుపులో నిలవదు, ఆలస్యం చేయకుండా ఇంజెక్షన్ చేయించాలి. ఈ సంగతి కాగితం మీద రాసి పాప స్కూలు బ్యాగులో పెట్టాను, క్లాసు టీచరుకూ ట్యూషన్ మేడమ్‌కూ చదివి వినిపించాను.