సఫారీకి పోయి కూడా వంటింట్లోనేనా?

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ అనే అడవి జంతువుల పార్కుకు వెళ్లొచ్చినప్పటి నుంచి హనుమకొండలో మా చుట్టాలు, కాలనీవాళ్లు అడుగుతూనే ఉన్నారు, అంతమంది కలిసి, సొంతంగా వండుకుంటూ, కారు మనమే నడుపుకుంటూ ఎలా తిరిగారని. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా. టికెట్లు, వీసాల కన్నా ముందు ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది: వంట ఎవరు, ఎప్పుడు చేస్తారు?

ఎందుకంటే అక్కడ రోజంతా గేటు చేతిలో ఉంటుంది. మన కవ్వాల్, తాడోబా లాంటి పులుల అడవుల్లో అయితే జీపు వస్తుంది, గైడు ఉంటాడు, వాళ్లే తీసుకెళ్లి తీసుకొస్తారు. క్రూగర్‌లో అద్దె కారేసుకుని ఎవరి దారిన వాళ్లు తిరగొచ్చు, కానీ రాత్రి ఉండే క్యాంపుకు చుట్టూ కంచె, దానికో గేటు. మే నుంచి జూలై దాకా ఆ గేటు ఉదయం 6కు తీస్తారు, సాయంత్రం 5:30కు మూస్తారు, ఆలస్యమైతే జరిమానా. సింహాలు, హైనాలు కనిపించే అవకాశం ఎక్కువగా ఉండేది గేటు తీసిన మొదటి రెండు గంటల్లోనే. సరిగ్గా ఆ టైముకే మన ఇళ్లల్లో ఆడవాళ్లు టిఫిన్ పనిలో ఉంటారు. "మీరు పోయి రాండ్రి, మేం ఇంత అన్నం వండి పెడ్తం" అని మా అత్తమ్మ మొదటి రోజే అనేసింది. ఆమె ప్రేమతోనే అన్నది, నాకు మాత్రం చాలా బాధేసింది. ఇంత ఖర్చు పెట్టి, ఇంత దూరం వచ్చి, ఏనుగుల గుంపు నీళ్లు తాగుతుంటే చూడకుండా ఆమె ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చుంటే ఇంక ఆమెను తీసుకొచ్చి ఏం లాభం?

అందుకే పొద్దున పొయ్యి వెలిగించేది లేదని గట్టిగా అనుకున్నాం. ఫ్లాస్కులో చాయ్, పిల్లలకు బ్రెడ్డు, అరటిపండ్లు, అంతే, ఆరింటికల్లా అందరూ కారులో ఉండాలి. టిఫిన్ తొమ్మిది, తొమ్మిదిన్నరకు పిక్నిక్ స్పాట్‌లో. క్రూగర్‌లో ఎక్కడ పడితే అక్కడ కారు దిగనివ్వరు, అఫ్సాల్, త్షోక్వానే లాంటి కొన్ని చోట్లే దిగొచ్చు. అలాంటి కొన్ని చోట్ల గ్యాస్ మీద పెట్టిన స్కాటిల్ అనే పెద్ద ఇనుప పెనం అద్దెకిస్తారు. మధ్యలో కొంచెం లోతుగా, ట్రాక్టర్ నాగలి డిస్కులా ఉంటుంది. దాన్ని చూడగానే మా తోటికోడలు "అక్కా, ఇది సర్వపిండి కోసమే చేసిన్రే" అన్నది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం కలిపి రాత్రే ముద్ద చేసి పెట్టుకున్నాం. గంజులో ఒత్తినట్టే అందులో నూనె రాసి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, మీద ప్లేటు మూస్తే ఎర్రగా, కరకరలాడుతూ వచ్చింది. పక్క టేబుల్ వాళ్లు వచ్చి అడిగి మరీ తిన్నారు.

అసలు వంట రాత్రే. గేటు మూసేశాక చేసే పనేమీ ఉండదు కాబట్టి ఆ తీరిక టైములో పప్పుచారు, ఒక కూర, మర్నాటి మధ్యాహ్నానికి పులిహోర. వండేది ఇద్దరు, గిన్నెలు తోమేది ఇంకో ఇద్దరు, రోజూ మారాలి, మగవాళ్లు కూడా లెక్కలోకే వస్తారు. మా మరిదికి అన్నం వండటం అక్కడే వచ్చింది.

బుక్ చేసేటప్పుడు కాటేజీకి సొంత వంటిల్లు ఉందా లేదా చదివి చూడండి. కొన్ని బంగళాలకు ఉండదు, అందరికీ కలిపి ఒకటే ఉంటుంది, పెద్ద గుంపుకు అది కుదరదు. ఫ్యామిలీ కాటేజీ, గెస్ట్ హౌస్ అని ఉన్నవి చూడండి. స్కుకూజా, లోయర్ సాబీ, సతారా మంచి క్యాంపులు, నెలల ముందే నిండిపోతాయి. గిన్నెలు ఉన్నా ప్రెషర్ కుక్కర్ ఆశించొద్దు. కరెంటు మనలాగే 230 వోల్టులు, మన రైస్ కుక్కర్ పనిచేస్తుంది. మన ఏసీకి, గీజర్‌కు వాడే పెద్ద మూడు పిన్నుల ప్లగ్గే అక్కడి గోడకు సరిపోతుంది, చిన్న ప్లగ్ అయితే ఇక్కడే ఒక అడాప్టర్ కొనుక్కుని పొండి. బియ్యం, పప్పులు ఇక్కడి నుంచి మోయొద్దు, జొహానెస్‌బర్గ్‌లో ఫోర్డ్స్‌బర్గ్ అనే చోట మన సరుకులన్నీ దొరుకుతాయి. కూరగాయలు దారిలో ఎంబోంబెలాలో కొనేయండి, క్యాంపు షాపుల్లో పెద్దగా ఉండవు.

కోతుల సంగతి హనుమకొండవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. అక్కడ చాలా కాటేజీలకు వంటిల్లు, ఫ్రిజ్ వరండాలోనే ఉంటాయి. వర్వెట్ కోతులు, బబూన్లు కాచుకుని ఉంటాయి. ఫ్రిజ్‌కు గడియ పెట్టకుండా లోపలికి కూడా వెళ్లొద్దు.

దూరాల లెక్క కూడా ముఖ్యమే. తారు రోడ్డు మీద 50, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. స్కుకూజా నుంచి సతారాకు సుమారు 90 కిలోమీటర్లే, కానీ ఆగుతూ చూస్తూ పోతే పూట గడిచిపోతుంది. పెద్దవాళ్లకు బాత్రూం దొరికే చోట్లు ముందే మ్యాపులో గుర్తు పెట్టుకోండి. ఒక్క పెద్ద వ్యాను కన్నా రెండు కార్లు మేలు, అందరికీ కిటికీ దొరుకుతుంది, పిల్లలు అలిసిపోతే ఒక కారు వెనక్కి రావచ్చు. స్టీరింగు మనలాగే కుడివైపు, నడిపేది ఎడమవైపు, డ్రైవింగ్ టెన్షన్ ఉండదు.

మన ఎండాకాలం సెలవులు అక్కడి చలికాలం మొదట్లో పడతాయి. వానలుండవు, గడ్డి ఎండుతుంది, జంతువులు నీళ్ల దగ్గరికి వస్తాయి. పొద్దున మాత్రం చలి బాగా ఉంటుంది, వరంగల్ మే ఎండల్లో స్వెట్టర్లు సర్దడం వింతగా అనిపించినా సర్దండి. అది మలేరియా ఉన్న ప్రాంతం, చలికాలంలో తగ్గినా పూర్తిగా పోదు, పిల్లలకు, పెద్దలకు ఏ మాత్రలో డాక్టరును చాలా ముందే అడగండి. ఆడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్తూ అక్కడ 12 గంటలు దాటి ఆగితే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు, టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది.

కాటేజీకి డబ్బులు కట్టకముందే వంట, గిన్నెల పట్టిక రాసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఎవరైనా "నాకు వంట రాదు" అంటే ఇంకా నెలలు టైముంది, నేర్చుకోమనండి.