పొదుపు నెల, 22వ రోజు

మా ఫ్లోర్‌లో నాలుగిళ్ల వాళ్లం ఈ నెల పంతం పట్టాం. ఆన్‌లైన్ ఆర్డర్లు బంద్. ఆదివారం కూకట్‌పల్లి రైతు బజార్‌కి కలిసి వెళ్లి, ఐదు కిలోల టమాటా తెచ్చి వాటాలు వేసుకుంటున్నాం. మెత్తబడ్డవి ఎవరికి రావాలో అన్నదే పెద్ద గొడవ!

తొమ్మిదో రోజు నేనే జారిపోయాను. ఆఫీసు టెన్షన్‌లో బిర్యానీ ఆర్డర్ పెట్టేశా. లిఫ్ట్ దగ్గర ఎదురింటి అక్క కంటబడింది కవరు.

"పద్దులో రాయొద్దులే, ఓ ముక్క ఇటు పెట్టు," అంది.

మర్నాడు నేను లేటుగా వచ్చేసరికి తలుపు దగ్గర మూత పెట్టిన స్టీలు గిన్నె. మునగాకు పప్పు, ఇంకా వెచ్చగానే ఉంది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదంటారు కదా, ఇంట్లో చూస్తే ఏమీ లేదు. కుండీలోని కరివేపాకు నాలుగు రెమ్మలు తుంచి వేసిచ్చాను.