నీళ్లు తాగే సాధువు పండగలో శాకాహారి పాట్లు

మా తమ్ముడు వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో చదువుతున్నాడు. మార్చి 1న సెయింట్ డేవిడ్స్ డే, అంటే వేల్స్ వాళ్లు తమ సాధువుగా కొలిచే డేవిడ్ గారి పండగ, ఊరేగింపు చూద్దువుగాని రమ్మన్నాడు. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి రైలెక్కాను. తీరా వెళ్లాక, "అక్కా, ఇక్కడెవరికీ సెలవు లేదు, నాకు సాయంత్రం దాకా క్లాసులున్నాయి" అన్నాడు! నిజమే. వేల్స్ అంతా జరుపుకునే రోజే గానీ ప్రభుత్వ సెలవు కాదు. కావాలని 2000లో వాళ్ల అసెంబ్లీ ఏకగ్రీవంగా అడిగినా లండన్ ఒప్పుకోలేదు. ఉగాదిలా ఊరంతా తీరిగ్గా ఉంటుందనుకోకండి.

ఒక్కదాన్నే బయల్దేరాను. ముందు పువ్వు కావాలి, ఈ రోజు డాఫొడిల్ అనే పసుపు పువ్వో, లీక్ అనే కూరగాయో కోటుకి గుచ్చుకోవడం ఇక్కడి ఆనవాయితీ. సూపర్‌మార్కెట్‌లో డాఫొడిల్ కట్ట చవగ్గానే దొరికింది గానీ అన్నీ బిగుసుకున్న మొగ్గలే, చూడ్డానికి అచ్చం ఉల్లికాడలు. కోటుకి ఒకటి గుచ్చుకుంటే వంటింట్లోంచి పారిపోయి వచ్చినట్టుంది. మీరు మాత్రం రెండు మూడు రోజుల ముందే కొని నీళ్లలో పెట్టుకోండి. అయినా నా అవతారం మరీ వింతేం కాదు, నిజంగానే లీక్ దుంపతో సహా గుచ్చుకున్న పెద్దమనుషులు కనిపించారు. లీక్ అంటే మన ఉల్లికాడకి పెద్దన్న. వెల్ష్‌లో దాని పేరు కెన్హినెన్, డాఫొడిల్ పేరు కెన్హినెన్ బెడర్, అంటే పీటరు గారి లీక్. పేర్లలోనే చుట్టరికం ఉంది.

రాత్రి తమ్ముడు నేర్పిన పలకరింపు ఒకటి: "దీద్ గుయిల్ డెవీ హాపిస్". డెవీ అంటే డేవిడే. సెంట్రల్ మార్కెట్‌లో వెల్ష్ కేకులు కాలుస్తున్న ఆవిడ మీద ప్రయోగించాను. మొహం విప్పారింది, రెండోసారి చెప్పించి మరీ సరిదిద్దింది. ఆ కేకులు ఓవెన్‌లో పెట్టరు, పెనం మీద కాలుస్తారు. అరచేతిలో సగం ఉంటాయి, లోపల ఎండుద్రాక్ష, పైన పంచదార. పాత పద్ధతిలో పంది కొవ్వు వేస్తారని విన్నాను కాబట్టి సిగ్గుపడకుండా అడిగేశాను. వెన్నే వేశామంది. గుడ్డు ఉంటుంది, నాకు పర్వాలేదు. వేడివేడిగా నాలుగు తిన్నాను.

ఊరేగింపులో ఎర్ర డ్రాగన్ జెండాలూ, నల్ల గుడ్డ మీద పసుపు శిలువ ఉన్న డేవిడ్ జెండాలూ. ఆడపిల్లలు పొడుగాటి నల్ల టోపీలూ శాలువాలతో బుట్టబొమ్మల్లా ఉన్నారు. టోపీ జారినప్పుడల్లా అమ్మలు వెనక నుంచి సర్దుతున్నారు. మధ్యలో వాన దంచింది. సిటీ హాల్ పక్కనే ఉన్న నేషనల్ మ్యూజియంలోకి దూరాను, అక్కడ టికెట్టు అక్కర్లేదు.

అసలు తిప్పలు భోజనం దగ్గర. ఈ రోజు తినాల్సింది కౌల్ అనే సూపు. కేఫేలో లీకూ బంగాళాదుంపా తేలుతూ కనిపిస్తే సంబరపడ్డాను. "ముక్కలు తీసేసి ఇస్తాంలెండి" అన్నారు. ఉడికింది గొర్రె మాంసం నీళ్లలోనట! నమస్కారం పెట్టి బయటపడ్డాను. ఇందులో తమాషా ఏమిటంటే, ఆరో శతాబ్దపు ఈ డేవిడ్ గారు మాంసం ముట్టలేదనీ, రొట్టే ఆకుకూరలే తిని నీళ్లే తాగేవారనీ చెబుతారు. నీళ్లు తాగే డెవీ అని ఆయనకి బిరుదు కూడా ఉంది. ఆయన పేరు చెప్పి గొర్రెని ఉడకబెట్టడం ఆయనకైనా నచ్చుతుందా!

సాయంత్రం తమ్ముడి గదిలో మేమే వండుకున్నాం. లీక్‌ని నిలువునా చీల్చి కడగాలి, పొరల మధ్య మన్ను ఉంటుంది. మొదటిసారి అడ్డంగా తరిగేసి మళ్లీ ఓ గిన్నెడు నీళ్లలో ముంచి తీశాను. బంగాళాదుంప, క్యారెట్, స్వీడ్ దుంప వేసి మెత్తగా ఉడికించి, కేర్ఫిలీ చీజూ బ్రెడ్డూ పక్కన పెట్టుకున్నాం. చీజు ప్యాకెట్టు మీద శాకాహారమని రాసుందో లేదో చూసే కొన్నాను. రుచి చూసి తమ్ముడు, "అక్కా, చప్పగా ఉందే" అన్నాడు. జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, ఇంగువ తాలింపు పడింది. వాడి వెల్ష్ రూమ్మేటు వాసనకి బయటికొచ్చి రెండు గిన్నెలు తాగాడు. ఇది కౌల్ కాదని మాత్రం ఖచ్చితంగా చెప్పాడు.

మొగ్గలు మార్చి 3న, రెడింగ్‌లో, స్టీలు గ్లాసులో విచ్చుకున్నాయి.