లాక్ ఎవరి చేతిలో ఉందో స్టాక్ అడుగున దొరికింది

మా టీమ్ చేసే ప్రొఫైలర్ (ప్రోగ్రామ్ సమయం ఎక్కడ ఖర్చవుతోందో కొలిచే సాధనం) కస్టమర్ ప్రోగ్రామ్ లోపలే ఉండి పనిచేస్తుంది. సీపీయూ వాడకంలో ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒక సిగ్‌ప్రాఫ్ సిగ్నల్ వస్తుంది. అప్పుడు నడుస్తున్న థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే ఒక పని వరస) చేస్తున్న పని వదిలి మా హ్యాండ్లర్‌లోకి, అంటే సిగ్నల్ వస్తే నడిచే మా ఫంక్షన్‌లోకి, వస్తుంది. తను ఏ ఫంక్షన్‌లో ఉందో, ఎవరెవరు పిలిస్తే అక్కడికి వచ్చిందో (ఆ పిలుపుల వరసే స్టాక్) రాసిపెట్టి, తన పనిలోకి తను వెళ్ళిపోతుంది. మేం ఉన్నట్టు కూడా ప్రోగ్రామ్‌కి తెలియకూడదు.

ఒక కస్టమర్ లోడ్ టెస్టులో మాత్రం తెలిసింది. వాళ్ళ సీ ప్లస్ ప్లస్ సర్వీసు ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. సీపీయూ సున్నా, లాగ్‌లో ఒక్క లైను కూడా పడదు. మా ఏజెంట్, అంటే ఈ ప్రొఫైలర్, తీసేస్తే ఏ ఇబ్బందీ లేదు.

"అక్కా, మళ్ళీ హ్యాంగయింది. నేను లాగినయ్యేలోపే పాడ్ రీస్టార్టయిపోయింది," అన్నాడు సపోర్ట్‌లో ఉన్న అబ్బాయి. కంటైనర్లను నడిపే కుబర్నెటిస్‌లో, సర్వీసు బతికుందా అని చూసే లైవ్‌నెస్ ప్రోబ్ మామూలుగా 10 సెకన్లకోసారి పలకరిస్తుంది, వరసగా 3 సార్లు జవాబు రాకపోతే కంటైనర్‌ని చంపేస్తుంది. సర్వీసు బతకడానికి అది మంచిదే. కానీ హ్యాంగ్‌కి ఉన్న సాక్ష్యమంతా ఆ ప్రాసెస్ మెమరీలోనే ఉంటుంది, దాంతోపాటే పోతుంది. "ప్రోబ్ తీయించు. కంటైనర్‌కి పీట్రేస్ అనుమతి ఇప్పించు, నడుస్తున్న ప్రాసెస్ లోపలికి చూడాలి. ఈసారి ఆగిందంటే ఎవర్నీ ముట్టుకోనివ్వకు, నాకు ఫోన్ చెయ్యి," అన్నాను.

మొదటి అనుమానం అందరికీ వచ్చేదే. లినక్స్ సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో స్టాక్‌ని చదివే బ్యాక్‌ట్రేస్ ఫంక్షన్‌ని మొదటిసారి పిలిచినప్పుడు అది లిబ్‌జీసీసీ అనే ఇంకో లైబ్రరీని లోడ్ చేస్తుంది, ఆ లోడింగ్ మెమరీ కేటాయించే మాలాక్‌ని పిలుస్తుంది. మాలాక్ మధ్యలో ఉన్న థ్రెడ్‌కే సిగ్నల్ వస్తే, తను పట్టుకున్న లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే తాళం) కోసం తనే ఎదురుచూస్తూ ఉండిపోతుంది. దీన్నే డెడ్‌లాక్ అంటారు. మాన్యువల్ పేజీలోనే ఈ హెచ్చరిక ఉంది. జీపెర్ఫ్‌టూల్స్ అనే ఇంకో ప్రొఫైలర్ ఇన్‌స్టాల్ సూచనల్లోనూ దీని తోబుట్టువు లాంటి డెడ్‌లాక్ గురించి రాశారు. మా ఏజెంట్ మొదలవగానే బ్యాక్‌ట్రేస్‌ని ఒకసారి ఊరికే పిలిచి పెడుతుంది కాబట్టి ఆ దారి మూసే ఉంది. పైగా ఈ హ్యాంగ్ సర్వీసు చాలాసేపు నడిచాక వస్తోంది.

ఫోన్ వచ్చింది. డీబగ్గర్ జీడీబీ తగిలించి అన్ని థ్రెడ్ల స్టాకులూ తీశాం. పదుల కొద్దీ థ్రెడ్లు, దాదాపు అన్నీ మాలాక్‌లోనో, మెమరీ తిరిగిచ్చే ఫ్రీలోనో లాక్ కోసం నిలబడ్డాయి. మామూలు లాక్, అంటే పీథ్రెడ్ మ్యూటెక్స్ అయితే ఓనర్ ఫీల్డ్‌లో పట్టుకున్న థ్రెడ్ నంబర్ ఉంటుంది. మాలాక్ మెమరీ తీసిచ్చే నిల్వని అరీనా అంటారు, దాని లాక్ అలా కాదు, అది ఒట్టి పూర్ణాంకం. ఎవరో పట్టుకున్నారని చెబుతుంది గానీ ఎవరో చెప్పదు. అంచేత స్టాకులన్నీ ఒక్కొక్కటిగా పైనుంచి కింది దాకా చదవాల్సిందే. డీబగ్గింగ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

రెండు థ్రెడ్లు మాత్రం మిగతా వాటిలా లేవు. మొదటిది మా హ్యాండ్లర్‌లో ఉంది. బ్యాక్‌ట్రేస్, అందులోంచి లోడైన లైబ్రరీలను వరసగా చూపించే డీఎల్ ఇటరేట్ పీహెచ్‌డీఆర్, అక్కడ ఆ జాబితాను కాపాడే లోడర్ లాక్ కోసం ఆగింది. పైపైన చూస్తే మాలాక్ ఊసే లేదు. కానీ 'సిగ్నల్ హ్యాండ్లర్ కాల్డ్' అని జీడీబీ చూపించే గీత కింద ఇంకా ఫ్రేములు (స్టాక్‌లో ఒక్కో పిలుపు) ఉన్నాయి. అక్కడుంది మాలాక్, లాక్ తీసుకుని పని మధ్యలో ఉండగా సిగ్నల్ వచ్చి పడింది. అరీనా లాక్ దీని చేతిలోనే ఉంది.

రెండోది మా సింబల్ థ్రెడ్. చిరునామాలను ఫంక్షన్ పేర్లుగా మార్చడానికి, లోడైన లైబ్రరీల జాబితా కోసం అది కూడా డీఎల్ ఇటరేట్ పీహెచ్‌డీఆర్‌నే పిలుస్తుంది. ఆ ఫంక్షన్ లోడర్ లాక్ పట్టుకునే మన కాల్‌బ్యాక్‌ని, అంటే మనం దానికి ఇచ్చిన ఫంక్షన్‌ని, నడుపుతుంది. మా కాల్‌బ్యాక్ ఒక వెక్టర్‌లో (అవసరాన్ని బట్టి పెరిగే జాబితా) పేరు చేరుస్తోంది, వెక్టర్ పెరగాలంటే మాలాక్ కావాలి. దీని దగ్గర లోడర్ లాక్, దీనికి కావలసింది అరీనా. మొదటిదాని దగ్గర అరీనా, దానికి కావలసింది లోడర్ లాక్.

మరి ఈ ఒక్క కస్టమర్‌కే ఎందుకు? మాలాక్ సాధారణంగా థ్రెడ్లను వేరువేరు అరీనాలకు పంచుతుంది, అప్పుడు ఈ రెండూ ఒకే లాక్ దగ్గర తగులుకునే అవకాశం తక్కువ. వీళ్ళు మెమరీ ఆదా కోసం మాలాక్ అరీనా మ్యాక్స్ సెట్టింగ్‌ని 1కి కుదించారు, అంటే అన్ని థ్రెడ్లకీ ఒకే అరీనా. అయినా హ్యాంగ్ ఎప్పుడో గానీ రాలేదంటే, 2017లో గ్లిబ్‌సీ 2.26తో టీక్యాష్ (ప్రతి థ్రెడ్‌కీ సొంత చిన్న నిల్వ) వచ్చాక చిన్న కేటాయింపులు చాలావరకు లాక్ లేకుండానే జరిగిపోతున్నాయి. వేగానికి గొప్ప మార్పు అది. ఇలాంటి తప్పులు అరుదై, దొరకడం కష్టమైంది కూడా అందువల్లే.

గ్లిబ్‌సీ 2.35, జీసీసీ 12 కంపైలర్ కలిసి ఉన్నచోట అన్‌వైండర్ (స్టాక్‌ని వెనక్కి నడిచే కోడ్) డీఎల్ ఫైండ్ ఆబ్జెక్ట్ అనే ఫంక్షన్ వాడుతుంది, దానికి లాక్ అవసరం లేదు. ఈ కస్టమర్ ఉబుంటు 20.04 మీద ఉన్నారు, అందులో గ్లిబ్‌సీ 2.31. కొత్త వెర్షన్‌కి మారమని చెప్పడం తేలికే గానీ, అది మా తప్పుకి వాళ్ళచేత పని చేయించడం అవుతుంది.

కాల్‌బ్యాక్ ఇప్పుడు ముందే కేటాయించిన అర్రేలో రాస్తుంది. హ్యాండ్లర్‌లోంచి బ్యాక్‌ట్రేస్ తీసేశాం. ఇప్పుడది ఫ్రేమ్ పాయింటర్ల (ప్రతి ఫ్రేమ్‌లో దాన్ని పిలిచిన ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే గుర్తులు) వెంట నడిచి చిరునామాలను రింగ్ బఫర్‌లో (చుట్టూ తిరిగి వాడుకునే నిల్వ) వేస్తుంది, సెమ్ పోస్ట్ ఫంక్షన్‌తో సింబల్ థ్రెడ్‌ని లేపుతుంది. సిగ్నల్ హ్యాండ్లర్‌లో పిలవచ్చని పాసిక్స్ ప్రమాణం ఒప్పుకున్న కొద్ది ఫంక్షన్లలో సెమ్ పోస్ట్ ఒకటి.

దీనివల్ల ఒక నష్టం ఉంది. ఫ్రేమ్ పాయింటర్లు లేకుండా కంపైల్ చేసిన లైబ్రరీలోకి వెళ్తే స్టాక్ మధ్యలో తెగిపోతుంది. ఫెడోరా 38 నుంచి, ఉబుంటు 24.04 నుంచి ప్యాకేజీలను ఫ్రేమ్ పాయింటర్లతోనే కడుతున్నారు కాబట్టి కొత్త మెషీన్లలో ఈ బాధ తగ్గుతుంది. పాతవాటిలో ప్రొఫైల్ గ్రాఫ్ అక్కడక్కడ చిరిగినట్టు కనిపిస్తుంది. రిలీజ్ నోట్‌లో ఆ సంగతి మొదటి లైనులోనే రాశాను, కస్టమర్ కూడా సరేనన్నారు.